స్క్రీన్ మీద 84, చేతికి పడింది 89.62: మధ్యలో ఏం జరిగింది?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నాను. రెండున్నర లక్షల చీటీ పాడుకుంటే 2 లక్షలు చేతికొచ్చాయి. ఇంకా 11 నెలలు, నెలకు 10,000 కట్టాలి. మా మరిది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక సార్ ఒక షేరు చెప్పారు. 84 రూపాయలే కదా, చౌక అనుకొని 2,000 షేర్లకు మార్కెట్ ఆర్డర్ పెట్టాను. యాప్‌లో 84 కనిపిస్తుంటే నాకు సగటున 89.62 పడింది. రెండు రోజులు పెరిగింది. తర్వాత 90 నుంచి పడటం మొదలై నాలుగు రోజులుగా లోయర్ సర్క్యూట్, అంటే రోజూ ఆ రోజుకు పడగలిగినంత కిందికి పడి ఆగుతోంది. ఇప్పుడు 73.32. రోజూ షాపు తెరిచాక పది గంటలకు అమ్మకానికి పెడుతున్నాను, ఒక్కటీ పోవడం లేదు. గ్రూపులో ఇంకొన్ని కొని యావరేజ్ చేయమంటున్నారు, ఆప్షన్స్‌లో రాబట్టుకోవచ్చంటున్నారు. నా డబ్బు కంపెనీకే పోయిందా? ఇప్పుడేం చేయాలి?

సమాధానం: అమ్మా, ఈ షేరులోకి గానీ, ఆప్షన్స్‌లోకి (ధర ఎటు పోతుందోనని గడువు పెట్టుకుని చేసే బేరాలు) గానీ ఇంకొక్క రూపాయి కూడా పంపకండి. కొనగా మిగిలిన 20,750 బ్యాంకులోనే ఉంచండి. అది రెండు నెలల చీటీ వాయిదా. ఈ ఒక్క పని ఈ రోజే చేసి, మిగతాది నిదానంగా చదవండి.

మీ డబ్బు కంపెనీకి పోలేదు. మీకు షేర్లు అమ్మినవాళ్లకు పోయింది. మార్కెట్లో రోజూ జరిగేదంతా ఒకరి దగ్గరున్న వాటాను ఇంకొకరు కొనుక్కోవడమే. మన కరకంబాడిలోని అమరరాజా షేరు ఈ రోజు మీరు కొన్నారనుకోండి, ఆ డబ్బు కరకంబాడి ఫ్యాక్టరీకి చేరదు. ఎక్కడో సూరత్‌లోనో కొచ్చిలోనో కూర్చుని అదే నిమిషంలో ఆ షేరు అమ్ముకున్న మనిషికి చేరుతుంది. కంపెనీకి డబ్బు వెళ్లేది అది కొత్త షేర్లు జారీ చేసినప్పుడే, అంటే ఐపీఓ (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం), రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు ఇవ్వజూపడం) లాంటి సందర్భాల్లో. ఐపీఓలో కూడా ‘ఆఫర్ ఫర్ సేల్’ అని రాసిన భాగం పాత యజమానుల జేబులోకే వెళ్తుంది.

మీరు, అమ్మిన మనిషి ఒకరికొకరు తెలియదు కదా, మరి మోసం జరగకుండా చూసేదెవరు? మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ ఉంటుంది. మీ డబ్బు మీ బ్రోకరు ద్వారా అక్కడికి, అమ్మిన వాళ్ల షేర్లు వాళ్ల బ్రోకరు ద్వారా అక్కడికి చేరతాయి. మర్నాటి పని దినానికల్లా డబ్బు వాళ్లకు, షేర్లు మీకు. దీన్నే టీ ప్లస్ 1 అంటారు. 2023 జనవరి నుంచి మన మార్కెట్లో షేర్లన్నిటికీ ఇదే పద్ధతి. ఆ షేర్లు ఉండేది యాప్‌లో కాదు, ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలో మీ పేరున ఉన్న డీమ్యాట్ ఖాతాలో. యాప్ ఒక కిటికీ మాత్రమే. మీ యాప్ నిజమైనదేనా అని చూసుకోవడానికి కూడా ఇదే దారి. డిపాజిటరీ నుంచి నెల ముగిశాక మెయిల్‌కు వచ్చే స్టేట్‌మెంటులో ఆ 2,000 షేర్లు కనిపించాలి. కొన్న రోజు సాయంత్రం ఎక్స్‌చేంజి నుంచి మెసేజ్ వచ్చి ఉండాలి. ఈ రెండూ లేకపోతే అది ధర పడిపోయిన బాధ కాదు, దొంగ యాప్. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఒకసారి తప్పకుండా చూసుకోండి.

ఇక 84 సంగతి. స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది అయిపోయిన ఆఖరి బేరం ధర. మీకు ఇస్తామన్న ధర కాదు. మదనపల్లె టమోటా మండీలో ఒక క్రేటు 400 పలికిందని వింటారు. అంతమాత్రాన మీరు లారీ లోడు కొనబోతే మొత్తం 400కే వస్తుందా? ఆ ధరకు ఇచ్చే రైతు దగ్గర నాలుగు క్రేట్లే ఉండొచ్చు. తర్వాతి రైతు 410 అంటాడు, ఆ పక్కవాడు 430 అంటాడు. మీకు లోడు నిండాలంటే అందరి దగ్గరా కొనాలి. షేరు కూడా అంతే. కొనేవాళ్లు ఎంతకు ఎన్ని అడుగుతున్నారో ఒక వైపు, అమ్మేవాళ్లు ఎంతకు ఎన్ని ఇస్తామంటున్నారో ఇంకో వైపు ఎక్స్‌చేంజి కంప్యూటర్లో వరుసగా నిలబడి ఉంటాయి. యాప్‌లో షేరు పేరు నొక్కి ‘మార్కెట్ డెప్త్’ చూస్తే రెండు వైపులా ఐదేసి వరుసలు కనిపిస్తాయి. మీరు ఆర్డర్ పెట్టిన నిమిషంలో అమ్మకం వైపు ఇలా ఉందనుకోండి.

84.50 దగ్గర 300 షేర్లు
85.20 దగ్గర 250
87.00 దగ్గర 400
90.00 దగ్గర 350
94.00 దగ్గర 500

ఈ ఐదూ కలిపితే 1,800. మీకు కావలసింది 2,000. ఆరో వరుస మీకు కనిపించదు. అక్కడ 96.50కి 200 ఉన్నాయనుకుందాం. మార్కెట్ ఆర్డర్ అంటే ‘ఎంతైనా సరే, ఉన్నవి ఇచ్చేయండి’ అని అర్థం. కంప్యూటర్ మొదటి వరుస నుంచి ఊడ్చుకుంటూ పోతుంది. మొత్తం 1,79,250 రూపాయలు, సగటు 89.62. మీకు పడిన ధర సరిగ్గా ఇలాగే వస్తుంది. ఎవరూ దొంగ లెక్క వేయలేదు. ఆఖరి 200 షేర్లు మీరు 96.50 పెట్టి కొన్నప్పుడు, ఆ నిమిషం స్క్రీన్ మీద ధర 96.50 అయిపోయింది. మీ కొనుగోలే ధరను పైకి తీసుకుపోయింది. అది చూసి గ్రూపులో ఇంకొకరు ‘అయ్యో, పెరిగిపోతోంది’ అని తొందరపడి ఉంటారు.

అదే ‘85.20కి మించి ఇవ్వను’ అని లిమిట్ ఆర్డర్ పెట్టి ఉంటే 550 షేర్లు వచ్చేవి. మిగతా 1,450కి ఆర్డర్ మీ ధర దగ్గర నిలబడి ఉండేది. ఎవరైనా ఆ ధరకు దిగివస్తే పడేది, లేకపోతే సాయంత్రం 3:30కి రద్దయ్యేది. రోజుకు లక్షల షేర్లు చేతులు మారే పెద్ద కంపెనీలో వరుసకు వేలల్లో ఉంటాయి, వరుసకూ వరుసకూ మధ్య తేడా పైసల్లోనే ఉంటుంది. అక్కడ మార్కెట్ ఆర్డర్ పెట్టినా పెద్దగా దెబ్బ తగలదు. పలుచటి షేరులోనే ఈ ప్రమాదం. కొనే ముందు ఐదు వరుసల మొత్తం చూసుకోండి. మీరు కొనదలిచింది అందులో పదో వంతు దాటుతుంటే లిమిట్ తప్ప ఇంకోటి పెట్టొద్దు.

చౌక అన్నారు కదా, దాని గురించి కూడా ఒక మాట. 84 రూపాయలకు దొరికే కంపెనీకి 10 కోట్ల షేర్లుంటే దాని మొత్తం విలువ 840 కోట్లు. 3,000 పలికే కంపెనీకి 10 లక్షల షేర్లే ఉంటే దాని విలువ 300 కోట్లు. ఏది ఖరీదైనది? లాభంతో పోల్చి చూడనిదే షేరు ధర ఒక్కటే ఏమీ చెప్పదు.

అమ్ముడుపోకపోవడానికి కారణం కూడా ఆ వరుసలోనే ఉంది, ఈసారి అవతలి వైపు. ఒక రోజులో షేరు ఎంత పెరగొచ్చో, ఎంత పడొచ్చో ఎక్స్‌చేంజి హద్దు పెడుతుంది: 2, 5, 10 లేదా 20 శాతం. విపరీతంగా కదులుతున్న షేరును నిఘాలో పెట్టి ఆ హద్దు తగ్గిస్తుంది. మీ షేరు 90 నుంచి 85.50, 81.23, 77.17, 73.32కి దిగింది. లెక్క చూడండి, రోజూ సరిగ్గా 5 శాతం. హద్దుకు ఆనగానే ఆ రోజుకు అంతకంటే తక్కువకు అమ్మడానికి వీల్లేదు. ఆ ధరకు కొనేవాడు లేడు. అమ్మేవాళ్లు మాత్రం వేల మంది బారులు తీరి ఉన్నారు. యాప్‌లో చూస్తే కొనుగోలు వైపు సున్నా ఉంటుంది, అమ్మకం వైపు లక్షల్లో ఉంటుంది. కాబట్టి 73.32 అనేది మీ షేరు విలువ అనుకోకండి. దిగడానికి అనుమతి ఉన్న చోటు అది. కొనేవాడు నిజంగా ఎక్కడ ఎదురవుతాడో ఇంకా తేలలేదు.

మరి అమ్మేదెలా? ఎక్స్‌చేంజి నియమం సూటిగా ఉంటుంది: ధర ముందు, వేళ తర్వాత. అందరూ ఒకే ధరకు అమ్ముతామంటున్నప్పుడు ముందు వచ్చినవాళ్లదే ముందు. మీరు పది గంటలకు వస్తున్నారు. అప్పటికే మీ ముందు లక్షల షేర్లున్నాయి. నిన్న పెట్టిన ఆర్డర్‌కు నిన్న సాయంత్రంతోనే ఆయుష్షు తీరింది, దాని వరుస ఈ రోజుకు పనికిరాదు. అందుకే ఆర్డర్ 9 గంటలకే వెళ్లాలి. 9 నుంచి దాదాపు 9:07 వరకు ప్రీ-ఓపెన్‌లో, అంటే మామూలు మార్కెట్ తెరిచే ముందు, ఆర్డర్లు తీసుకుంటారు, తర్వాత అందరి ఆర్డర్లూ కలిపి ఒకే ధర తేల్చి బేరాలు తెగ్గొడతారు. మిగిలినవి అదే వరుసలో 9:15కి మొదలయ్యే మామూలు మార్కెట్లోకి వెళ్తాయి. పొద్దున యాప్ తెరిచే తీరిక లేకపోతే ముందురోజు రాత్రే ‘ఆఫ్టర్ మార్కెట్ ఆర్డర్’ పెట్టేయండి, బ్రోకరు దాన్ని పొద్దున్నే పంపిస్తాడు.

ఆర్డర్ రకం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. తొందరగా పోవాలని మార్కెట్ ఆర్డర్ పెడతారు. ప్రీ-ఓపెన్‌లో లిమిట్ ఆర్డర్లకే మొదటి అవకాశం, మార్కెట్ ఆర్డర్ల వంతు ఆ తర్వాత. మీరు ఆ రోజు కింది హద్దు ధరకే లిమిట్ పెట్టండి. ఈ రోజు ముగింపు 73.32 అయితే రేపటి కింది హద్దు దాదాపు 69.66. యాప్‌లో ‘లోయర్ సర్క్యూట్’ అని ఎదురుగా కనిపించే అంకెనే పైసాతో సహా వేయండి. దానికంటే ఒక్క పైసా తగ్గినా ఆర్డర్ తిరస్కరిస్తారు. 73.32 అనే వేస్తే, 69.66కి ఇస్తామన్న వాళ్లందరూ మీకు ముందు నిలబడతారు. అంత తక్కువ వేస్తే నష్టపోతామేమో అని భయపడొద్దు. అమ్మేటప్పుడు లిమిట్ అంటే ‘ఇంతకంటే తక్కువకు ఇవ్వను’ అని. ఆ పొద్దున బేరం 71 దగ్గర తెగితే మీకు 71 వస్తుంది.

రాత్రే చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. మీరు బ్రోకరుకు డీడీపీఐ (అమ్మినప్పుడు మీ ఖాతాలోంచి షేర్లు తీసుకోవడానికి ముందే ఇచ్చే రాతపూర్వక అనుమతి) ఇచ్చి ఉండకపోతే, అమ్మే ముందు మీ అనుమతి కావాలి. సీడీఎస్‌ఎల్ ఖాతాకు టీపిన్ అనే రహస్య సంఖ్య, తర్వాత ఫోన్‌కు వచ్చే ఓటీపీ. టీపిన్ మర్చిపోయి 9 గంటలకు వెతుక్కుంటే వరుసలో వెనకబడతారు. ముందే కొత్తది తెప్పించుకొని రాసి పెట్టుకోండి. ఒక్కోసారి కొంతే పోతుంది. 400 అమ్ముడై 1,600 మిగిలితే, ఆ 1,600కి మర్నాడు కొత్త హద్దు ధర చూసి మళ్లీ 9 గంటలకే పెట్టాలి.

అమ్మమని ఎందుకు చెబుతున్నామో కూడా తెలియాలి మీకు. రేపు ఈ షేరు పడుతుందో పెరుగుతుందో మేము జోస్యం చెప్పడం లేదు. మీరు అమ్మిన మర్నాడే పైకి లేవొచ్చు, అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మా లెక్క చీటీది. పాడుకున్న చీటీ డబ్బు మన పొదుపులా కనిపిస్తుంది గానీ నిజానికి అప్పు. మిగిలిన 11 వాయిదాలు 1,10,000. బ్యాంకులో ఉన్న 20,750 పోను ఇంకా 89,250 కావాలి. 69.66 చొప్పున చూస్తే 1,300 షేర్లు అమ్మితే అది గట్టెక్కుతుంది. ఇంకో మూడు సర్క్యూట్లు పడితే మరిన్ని అమ్మాలి. నెలనెలా తప్పకుండా కట్టాల్సిన డబ్బు షేర్లలో ఉండకూడదు. షేరుకు వేచి చూసే ఓపిక ఉన్నా చీటీకి ఉండదు. ముందు ఆ 1,300 గురించి ఆలోచించండి. మిగతా 700 కూడా ఉంచుకోవడానికి మాకైతే కారణం కనిపించడం లేదు. ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో, గత నాలుగు త్రైమాసికాల్లో లాభమెంతో, ప్రమోటర్లు (కంపెనీని నడిపించే అసలు యజమానులు) తమ వాటా తాకట్టు పెట్టారో లేదో మీకు తెలిస్తే ఉంచుకోండి. ఇవన్నీ ఎక్స్‌చేంజి వెబ్‌సైట్లో ఆ షేరు పేజీలోనే ఉచితంగా ఉంటాయి. వాటాల వివరాలు ప్రతి త్రైమాసికం ముగిశాక 21 రోజుల్లోగా పెట్టాలి.

యావరేజ్ చేయమంటున్నారన్నారు. ఇంకో 2,000 షేర్లు 73.32కి కొంటే మీ సగటు 81.47కి దిగుతుంది. చూడటానికి బాగుంటుంది. కానీ నష్టం ఒక్క రూపాయి కూడా తగ్గదు, ముందూ 32,610, తర్వాతా అంతే. రేపు 69.66కి పడితే ఇప్పుడున్న 2,000 మీద నష్టం 39,930. యావరేజ్ చేసి 4,000 పట్టుకున్నాక పడితే 47,250. పైగా అమ్మకం వైపు లక్షల షేర్లు, కొనుగోలు వైపు సున్నా ఉన్న చోట మీరు కొనుగోలు ఆర్డర్ పెడితే క్షణంలో పడుతుంది. ఎందుకంటే వరుసలో అందరికంటే ముందు నిలబడ్డవాడు మీ డబ్బుతో బయటపడతాడు. ‘యావరేజ్ చేయండి’ అని పొద్దున్నే గ్రూపులో పెట్టేవాళ్లకు కావలసింది ఆ కొనుగోళ్లే. మొదట 84 దగ్గర మిమ్మల్ని కొనమన్నప్పుడు కూడా 94కీ 96.50కీ షేర్లు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నది ఎవరో ఆలోచించండి. ముందే తక్కువలో కొని పెట్టుకొని, గ్రూపుల్లో ఊదరగొట్టి, జనం ఎగబడ్డాక వాళ్లకే అమ్మేసే పద్ధతి ఇది. అందరి విషయంలో ఇదే జరిగిందని అనలేం గానీ, రెండు రోజులు పెరగడం, ఆ తర్వాత కొనేవాడే లేకుండా వరుస సర్క్యూట్లు, ఇదీ దాని ఆనవాలు.

ఆప్షన్స్ జోలికి అసలే వెళ్లొద్దు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ల లెక్కలు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే తీసింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన మామూలు వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. నష్టపోయినవాళ్లకు ఖర్చులతో కలిపి తలకు దాదాపు 2 లక్షలు. మొత్తం మీద 1.8 లక్షల కోట్లు దాటింది. షేరులో కనీసం కంపెనీ లాభం తెస్తే ఇద్దరికీ మిగిలే వీలుంది. ఆప్షన్‌లో ఒకరికొచ్చే ప్రతి రూపాయీ ఇంకొకరు పోగొట్టుకున్నదే. గడువు రోజుకు మీరనుకున్నది జరగకపోతే మీరు కొన్న ఆప్షన్ విలువ సున్నా. పోయిన 32 వేలను వారంలో రాబట్టాలన్న ఆత్రంతో అక్కడికి వెళ్లేవాళ్లే చీటీ వాయిదాల డబ్బు కూడా పోగొట్టుకుంటారు.

ఇప్పుడు అమ్మితే వచ్చే నష్టం కూడా ఎందుకూ పనికిరానిది కాదు. ఏడాదిలోపు అమ్మారు కాబట్టి అది స్వల్పకాలిక నష్టం. గడువులోగా ఆదాయపు పన్ను రిటర్ను వేసి అందులో చూపిస్తే ఎనిమిదేళ్ల వరకు, తర్వాత ఎప్పుడైనా షేర్లలో వచ్చే లాభంలోంచి దాన్ని తీసేయొచ్చు. గడువు దాటాక వేస్తే ఆ హక్కు పోతుంది. బ్రోకరు పంపిన కాంట్రాక్ట్ నోట్లు (కొన్నవి, అమ్మినవి చూపే రసీదులు) దాచి పెట్టండి. కొన్న రోజు కాంట్రాక్ట్ నోటు తెరిస్తే ఏ ధరకు ఎన్ని పడ్డాయో, ఏ సెకనులో పడ్డాయో వరుసగా ఉంటుంది. మేము పైన ఊహించి వేసిన పట్టిక అసలుది ఎలా ఉందో మీకే కనిపిస్తుంది. షేర్ల లావాదేవీల మీద పడే పన్ను ఎస్‌టీటీ కూడా అందులోనే ఉంటుంది: డెలివరీకి కొన్నా అమ్మినా 0.1 శాతం, మీ కొనుగోలు మీద దాదాపు 179 రూపాయలు.

ఇక ఆ సార్ సంగతి. డబ్బు తీసుకుని షేర్లు చెప్పాలంటే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. రీసెర్చ్ అనలిస్టు నంబరు ఐఎన్‌హెచ్ అనే అక్షరాలతో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ది ఐఎన్‌ఏతో మొదలవుతుంది. మీ మరిదితో ఆ నంబరు అడిగించండి. చెబితే సెబీ వెబ్‌సైట్లో పేరు, నంబరు రెండూ సరిపోతున్నాయో చూడండి, ఎందుకంటే వేరేవాళ్ల నంబరు చూపించేవాళ్లూ ఉన్నారు. నంబరు ఉన్నా సరే, ఇంత లాభం గ్యారంటీ అని చెప్పడానికి ఎవరికీ అనుమతి లేదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల మీద ఫిర్యాదు సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఇవ్వొచ్చు, సందేహాలుంటే 1800 22 7575కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. కానీ నంబరు అడిగే ముందే, గ్రూపులోంచి బయటికి వచ్చే ముందే, ఆ షేరు కొనమన్న మెసేజ్, యావరేజ్ చేయమన్న మెసేజ్, ఆయన ఫోన్ నంబరు, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. అడిగిన మరుక్షణం మెసేజ్‌లు మాయం కావచ్చు.